కోల్‌కతాలో అద్దె ఆలస్యమైతే యజమానికి ఉన్న దారులు

కోల్‌కతాలో అద్దె సమయానికి అందని యజమాని ముందుగా చూసుకోవలసింది నెలసరి అద్దె ఎంత అన్నది. నగరపాలక సంస్థ పరిధిలో నివాసానికి 6,500 రూపాయలు, వ్యాపార స్థలానికి 10,000 రూపాయలు దాటని అద్దెలకు 1997 నాటి పశ్చిమ బెంగాల్ ప్రెమిసెస్ టెనెన్సీ చట్టం వర్తిస్తుంది. ఆ మొత్తం దాటితే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమూ, ఇద్దరూ రాసుకున్న ఒప్పందమూ దిక్కు. శ్యాంబజార్‌లో తాతల నాటి ఇంటి కింది వాటాలో ఉంటున్నవారూ, గరియాలో కొత్త ఫ్లాట్‌లో దిగినవారూ ఒకేలా బకాయి పడినా కథ వేరుగా నడుస్తుంది.

1997 చట్టం ప్రకారం ఒప్పందంలో తేదీ లేకపోతే జూన్ అద్దెకు జూలై 15 దాకా గడువుంది. జూలై ఐదున చేతికి రాలేదని నోటీసు పంపితే అది చెల్లదు. పన్నెండు నెలల వ్యవధిలో మూడు నెలల అద్దె బకాయి పడితే యజమాని నెల రోజుల నోటీసిచ్చి సివిల్ జడ్జి కోర్టులో ఖాళీ దావా వేయవచ్చు.

దావా పడిందంటే ఇల్లు ఖాళీ అయినట్టు కాదు. సమన్లు అందిన నెల రోజుల్లో బకాయి మొత్తం 10 శాతం వడ్డీతో యజమానికి చెల్లించి గానీ కోర్టులో జమ చేసి గానీ, ఆపైన నెలనెలా 15లోపు అద్దె కడుతూ పోతే బకాయి కారణంగా ఖాళీ ఉత్తర్వు రాదు. అయితే ఈ వెసులుబాటు ఒకసారి వాడుకున్నవారు మళ్ళీ పన్నెండు నెలల్లో నాలుగు నెలలు ఎగవేస్తే రెండోసారి దొరకదు. జమ గడువు విషయంలో సుప్రీంకోర్టు కచ్చితంగా ఉంది: ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టాన్ని ఆశ్రయించడం కుదరదని 2019లోనూ, 2023లోనూ తేల్చింది. యజమాని వకీలు మొదట లెక్కపెట్టేది ఈ రోజులే.

పాత ఇళ్ళలో అసలు గొడవ డబ్బు గురించి కాదు. నెలకు 600 రూపాయల అద్దెకు మూడు నెలల బకాయి 1,800. ఏడాది వడ్డీ కలిపినా రెండు వేలు దాటదు. అంత తక్కువ అద్దెకు దశాబ్దాలుగా ఉన్నవారిని కదిలించడానికి కొందరు యజమానులు అద్దె తీసుకోవడమే మానేస్తారు, బకాయి పేరుకుంటుందన్న ఆశతో. ఈ ఎత్తు చాలాసార్లు బెడిసికొడుతుంది. తిరస్కరించిన అద్దెను మనీఆర్డరుగా పంపి, ఆ తరువాత రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేసుకునే హక్కు అద్దెదారుకుంది. చట్టం చెప్పిన పద్ధతిలో జమ పడితే బకాయి అన్న మాటే ఉండదు. అద్దె తీసుకుని, ఏ నెలకు, ఏ తేదీన ముట్టిందో రసీదులో రాయడమే యజమానికి మేలు. మూడు నెలల ఆలస్యాన్ని కోర్టులో నిరూపించేది ఆ రసీదు పుస్తకమే.

పదిహేను ఇరవై వేల అద్దె ఉన్న ఫ్లాట్‌లో నష్టం నిజంగా డబ్బుదే. అక్కడ పని చేసేది ఒప్పందం: చెల్లింపు తేదీ, ఆలస్యానికి రుసుము, అడ్వాన్సులోంచి ఎప్పుడు పట్టుకోవచ్చో ముందే రాసి ఉండాలి. రుసుము మరీ ఎక్కువ రాసుకున్నా కోర్టు సబబైనంతే ఇప్పిస్తుంది. వాట్సాప్ సందేశంతో, ఫోనుతో చాలా ఆలస్యాలు తేలిపోతాయి. జీతం పడే తేదీకి అద్దె తేదీని జరిపితే మరికొన్ని. అప్పటికీ తెమలకపోతే నెలవారీ అద్దె ఒప్పందాన్ని 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. నోటీసు గడువు తీరాక వచ్చిన అద్దెను మారుమాట లేకుండా తీసుకుంటే నోటీసును వదులుకున్నారని ఎదుటివారు వాదిస్తారు. పదకొండు నెలల ఒప్పందం ముగిశాక కూడా అద్దె పుచ్చుకుంటూ పోతే అది నెలవారీ కౌలుగా కొనసాగుతుంది.

తాళం మార్చడం, నీళ్ళు ఆపడం, కరెంటు తీసేయడం ఏ అద్దెకైనా పనికిరావు. చట్టబద్ధంగా కాకుండా బయటికి నెట్టిన అద్దెదారు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద ఆరు నెలల్లో దావా వేసి, బకాయి ఎంతున్నా సరే, తిరిగి ఇంట్లోకి రావచ్చు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినవారి నుంచి రావలసిన అద్దెకు మాత్రం గడువుంది: ప్రతి నెల బకాయికీ అది చెల్లించవలసిన తేదీ నుంచి మూడేళ్ళలోపు దావా పడాలి.