తెలుగు యూదులు: పదసామ్యాలు, పుట్టుపూర్వోత్తరాలు

సిరోంచ తాలూకాలో పెరిగిన తెలుగు విద్యార్థికి ఒక వెసులుబాటు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. భారతదేశంలోని యూదుల గురించి తెలుసుకోవాలంటే ఈ రెండు భాషలూ పనికొస్తాయి. కొంకణ తీరానికి చెందిన బెనె ఇజ్రాయెల్ యూదుల మాతృభాష మరాఠీ. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కనున్న కొత్తరెడ్డిపాలెంలోని బెనె ఎఫ్రాయిం వారిది తెలుగు. మొదటివారి సంగతి మహారాష్ట్రలో కొంతమందికైనా తెలుసు. రెండోవారి సంగతి తెలుగునాటనే చాలామంది ఎరగరు.

కొత్తరెడ్డిపాలెం యూదులు మాదిగ కులంలోంచి, అందులోనూ క్రైస్తవం స్వీకరించిన కుటుంబాలలోంచి వచ్చినవారు. క్రైస్తవ ప్రచారకుడిగా ఉండిన షమూయెల్ యాకోబి, ఆయన సోదరుడు సాదోక్ 1980ల నుంచి తమవారిని యూదు ఆచారాల వైపు నడిపించారు. 1991లో ఊళ్లో ప్రార్థనా మందిరం వెలిసింది. తాము ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలలో ఎఫ్రాయిము గోత్రం వారమనీ, పూర్వం చెదిరిపోయి ఈ దేశం చేరామనీ వారి నమ్మకం. చనిపోయినవారిని పాతిపెట్టడం, గొడ్డుమాంసం తినడం వంటి తమ పాత అలవాట్లను అందుకు గుర్తులుగా చూపుతారు. ఊరు ఏ అలవాట్లను చూపి వారిని వెలివేసిందో ఆ అలవాట్లనే వారు వంశగౌరవానికి సాక్ష్యంగా నిలబెట్టారన్నది గమనించాలి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ ఈ సమాజంపై పరిశోధన చేసి 2013లో పుస్తకం ప్రచురించారు. కులాన్నీ మతాన్నీ కలిపి చదివిన మంచి పుస్తకం అది.

తెలుగుకూ హీబ్రూకూ చుట్టరికం ఉందనే వాదన ఇలాంటి చర్చలలో తరచు వినిపిస్తుంది. ఇక్కడ భాషాశాస్త్రం చెప్పవలసిన మాట ఒకటుంది. తెలుగు ద్రావిడభాష, హీబ్రూ సెమిటిక్ భాష. తండ్రిని హీబ్రూ, అరమాయిక్ భాషల్లో ‘అబ్బా’ అంటారు. మనకూ ‘అబ్బ’ ఉంది; ‘నీ అబ్బ సొమ్మా’ అని తిట్టేవాడికి ఆ సంగతి బాగా తెలుసు. కాని పసిపిల్లల నోట పెదవులు కలిపితే వచ్చే ధ్వనులే లోకంలో ఎన్నో భాషల్లో అమ్మానాన్నలకు పేర్లయ్యాయి. 1960లో రోమన్ యాకొబ్సన్ దీన్ని ఒక ప్రసిద్ధ వ్యాసంలో వివరించాడు. ఇంకొక మాట ఇంతకంటే ఆసక్తికరం. సొలొమోను ఓడలు తెచ్చిన సరుకుల్లో ‘తుక్కీ’లున్నాయి. తెలుగు బైబిలు వాటిని నెమళ్లుగా అనువదించింది. ఈ మాట తమిళ ‘తోగై’కి, అంటే మన ‘తోక’కు, సంబంధించినదని కాల్డ్వెల్ కాలం నుంచీ పండితులు అంటున్నారు. అదే నిజమైనా దానివల్ల తెలిసేది వర్తకమే, వంశం కాదు. సిరోంచ తెలుగులో మరాఠీ మాటలు వినిపించినంతమాత్రాన మాట్లాడేవాడు కొంకణం నుంచి వచ్చాడనం కదా!

అయితే పదసామ్యం వీగిపోతే వారి యూదుతనం కూడా వీగిపోతుందా? అలా అనుకోవడానికి వీల్లేదు. ఎక్కడినుంచి వచ్చారన్నది ఒక ప్రశ్న, ఎలా బతుకుతున్నారన్నది మరొక ప్రశ్న. చిక్కంతా రెండో ప్రశ్నకు మొదటిదాన్ని జవాబుగా అడిగేవారితోనే. శనివారం గానుగ ఆపి ‘శనివార్ తేలీ’లనిపించుకున్న బెనె ఇజ్రాయెల్ వారికే ఇజ్రాయెల్ వెళ్లాక ఇతర యూదులతో పెళ్లిళ్ల విషయంలో మతాధికారులు అడ్డు చెప్పారు. నిరసనల తర్వాత 1964లో గాని ఆ దేశపు పార్లమెంటు వారిని అన్నివిధాలా యూదులుగా చూడాలని తేల్చలేదు. మణిపూర్, మిజోరంలలోని బెనె మెనషే వారికి 2005లో గుర్తింపు వచ్చింది. బెనె ఎఫ్రాయిం వారికి అలాంటిది దక్కలేదు. ఇటు మన చట్టంలో మరో మెలిక ఉంది. 1950 నాటి ఉత్తర్వు, 1956, 1990 సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధులకే షెడ్యూల్డు కులాల హోదా వర్తిస్తుంది. కాగితం మీద యూదుడినని రాసుకున్న మాదిగ ఆ హోదా వదులుకోవాలి. అటు గుర్తింపు లేదు, ఇటు రిజర్వేషను ఉండదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2016లో యూదులకు అల్పసంఖ్యాక హోదా ఇచ్చింది గాని, అది ప్రాణహితకు ఇవతలి మాట.

ఇక లోకం రెండుగా చీలి వాదించుకుంటున్న ఈ రోజుల్లో ‘యూదుడు’ అన్న మాట మనిషిని చెప్పడం మాని పక్షాన్ని చెబుతోంది. 2008 నవంబరులో ముంబాయి నారిమన్ హౌస్‌లో రబ్బీ దంపతులతో సహా ఆరుగురిని చంపినవారికి లెక్క అదే. 2023 అక్టోబరు దాడి, ఆ తర్వాత గాజా యుద్ధం ఈ ధోరణిని ఇంకా పెంచాయి. పేరు చూసి ద్వేషించేవారూ, పేరు చూసి భుజాన ఎత్తుకునేవారూ కొత్తరెడ్డిపాలెంలో మనిషి కూలికి పోయాడా లేదా అని అడగరు.

తెలుగులో ఒక చిన్న సౌలభ్యం అనుకోకుండా అమరింది. బైబిలులో ‘ఇశ్రాయేలు’, వార్తాపత్రికలో ‘ఇజ్రాయెల్’. మొదటిది ఒక పాత ప్రజ, రెండోది 1948లో ఏర్పడిన రాజ్యం. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే స్పెల్లింగు. మిషనరీల అనువాదం గ్రీకు దారిలో తెచ్చిన ‘పస్కా’ కూడా హీబ్రూలో ‘పెసహ్’. కొత్తరెడ్డిపాలెం వారికి చిన్నప్పుడు చర్చిలో నేర్చిన మాట మొదటిది, మందిరంలో నేర్చుకున్నది రెండోది. ఎవరు, ఎప్పుడు, ఎవరితో ఏది వాడుతున్నారో రాసిపెట్టడానికి విద్యార్థికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, పండుగనాటికి బస్సు టికెట్టు చాలు.