శ్వాసయా? గుండెయా? – హైదరాబాదు క్లోరోఫారం కమిషను కథ

శస్త్రచికిత్స అనగానే కుటుంబములో అలజడి మొదలగుట సహజము. కత్తికన్న మత్తుమందుకే భయపడువారు ఎక్కువ. "మత్తు నుండి మెలకువ వచ్చునా?" అన్న ప్రశ్న మన జంషెడ్‌పూరు ఆసుపత్రుల వరండాలలో హిందీలోను, బెంగాలీలోను, తెలుగులోను వినిపించుచునే ఉండును. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో ఒక ముఖ్యమైన అధ్యాయము మన తెలుగునేల మీదనే, హైదరాబాదులో జరిగినదని మనలో చాలమందికి తెలియదు. యంత్రములతో జీవితము గడుపుచున్న మాకు ఈ కథలో మన వృత్తికి సంబంధించిన పాఠము కూడ కనిపించినది.

1847లో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. మరుసటి ఏడే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అను పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చి, కొద్ది నిమిషములలో మరణించినది. అంత చిన్న చికిత్సకు ప్రాణము పోవుట వైద్యలోకమును కలవరపరచినది. ఆగినది ముందుగా శ్వాసయా, గుండెయా? మత్తు ఇచ్చువారు దేనిని కనిపెట్టి ఉండవలెను? వైద్యులు రెండు పక్షములుగా చీలిపోయిరి.

హైదరాబాదు రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ శ్వాస పక్షమువాడు. శ్వాసను జాగ్రత్తగా గమనించినచో చాలునని, నాడి చూచుచు కూర్చుండుట వలన దృష్టి మరలి ప్రమాదమే కలుగునని ఆయన మతము. 1888లో జరిపిన తొలి కమిషనులో కుక్కలపై చేసిన పరీక్షలు ఆయన మాటనే బలపరచినవి. లండనులోని లాన్సెట్ పత్రిక సందేహము వెలిబుచ్చగా, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము వేయి పౌనులిచ్చి, ఆ పత్రిక ప్రతినిధినే పంపుమని కోరినది. 1889లో సుప్రసిద్ధ ఔషధ శాస్త్రజ్ఞుడు లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చెను. కుక్కలు, కోతులు మొదలగు వందలాది జంతువులపై పరీక్షలు జరిగినవి. గుండె వైపే మొగ్గిన బ్రంటన్ కూడ చివరకు లారీతో ఏకీభవించెను. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి, మత్తు ఇచ్చుటలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూంజీ ఈ కాలమునకు చెందినవారే. ప్రపంచములో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను పలువురు గౌరవింతురు.

అయినను ఆసుపత్రులలో హఠాన్మరణములు ఆగలేదు. కారణము తెలియవలెనన్న మన శరీరములోని స్వయంచోదిత నాడీవ్యవస్థను గురించి కొంత తెలియవలెను. మనము తలచినను, తలచకున్నను గుండె వేగమును, రక్తపు ఒత్తిడిని, జీర్ణక్రియను నడుపునది ఇదియే. ఇంజనీరు భాషలో చెప్పవలెనన్న దీనికి ఒక యాక్సిలరేటరు, ఒక బ్రేకు కలవు. సహానుభూత నాడులు, వాటితోపాటు అడ్రినలిన్, గుండెను పరుగెత్తించును. వేగస్ నాడి దానిని నెమ్మదింపజేయును. భయము, నొప్పి కలిగినపుడు అడ్రినలిన్ రక్తములోనికి ఉరుకును.

1902లో ఆస్ట్రేలియాలో ఎంబ్లీ అను వైద్యుడు క్లోరోఫారము వలన వేగస్ బ్రేకు అతిగా పడి గుండె ఆగవచ్చునని చూపెను. 1911లో గుడ్‌మన్ లెవీ ఇంకొక అడుగు ముందుకు వేసెను. తేలిక మత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ తోడైనపుడు గుండె లయ తప్పి, వట్టిగా వణకుచు, రక్తమును పంపు చేయుట మానివేయుచున్నట్లు ఆయన నిరూపించెను. ఇది హైదరాబాదు పరీక్షలలో ఎందుకు బయటపడలేదు? అచ్చట ముఖ్యముగా మోతాదు హెచ్చించి, లోతైన మత్తులో ఏది ముందు ఆగునో చూచిరి. అచ్చట శ్వాస ముందు ఆగుట నిజమే. కాని రోగులకు ముప్పు మత్తు మొదట్లో, భయముతో పెనుగులాడు వేళ పొంచి ఉన్నది. మోటారును పూర్తి లోడుపై గంటలకొలది నడిపి, "భేషుగ్గా ఉన్నది" అని సర్టిఫికెట్ ఇచ్చి, స్టార్టు చేయునప్పటి కరెంటును చూడకుండుట వంటిది ఇది. కొలతలు నిజమే, వాటిని కొలవని స్థితికి కూడ వర్తింపజేయుటయే లోపము.

క్లోరోఫారము నేడు మత్తుమందుగా వాడుకలో లేదు. ఇప్పటి మత్తు వైద్యులు ఒక్క గేజీని నమ్మరు. గుండె లయను, రక్తపు ఒత్తిడిని, రక్తములోని ప్రాణవాయువును, విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును ఏకకాలమున గమనింతురు. మరొక విశేషమేమనగా, నిద్రపుచ్చు మందు వేరు, నొప్పి మందు వేరు. రోగి నిద్రించుచున్నను కోత పడగానే సహానుభూత నాడులు స్పందించి నాడి హెచ్చును. అందుకే మార్ఫిన్ తరగతి మందులను జోడింతురు. అవి మోతాదు మించిన శ్వాసను మందగింపజేయును గనుక లారీ చెప్పిన శ్వాస కాపలా నేటికిని అవసరమే.

ఈ కాపలాలో రోగికి, కుటుంబమునకు కూడ పాత్ర కలదు. మనము వాడు రక్తపు ఒత్తిడి మాత్రలు, రక్తము పలుచబరచు మందులు, ఆయుర్వేద మందులు, పొగ, మద్యము అలవాట్లు, వెనుక మత్తు ఇచ్చినపుడు కలిగిన ఇబ్బందులు, ఇవన్నియు దాచక చెప్పవలెను. గుండె వేగమును తగ్గించు కొన్ని మాత్రలను హఠాత్తుగా ఆపుట ప్రమాదకరము; డాక్టరు చెప్పనిదే మానరాదు. ఏమియు తినరాదని చెప్పిన గంటల లెక్కను "ఒక్క ఇడ్లీయే కదా" అని మీరరాదు. మత్తులో కడుపులోని ఆహారము ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. మన భయమును సైతము డాక్టరుకు చెప్పవలెను. భయము గుండెపై పనిచేయునని 1911 నుండి ఎరిగిన శాస్త్రము గనుక, వారు దానిని తేలికగా తీసికొనరు.