ఆనందం (క్రైస్తవం)

క్రైస్తవ మతంలో ఆనందం అనగా దేవునితో గల సంబంధం వలన విశ్వాసికి కలిగే సంతోషం, తృప్తి, మనశ్శాంతి. ఇది బాహ్య పరిస్థితుల మీద పూర్తిగా ఆధారపడని స్థితి అని చాలా క్రైస్తవ శాఖలు బోధిస్తాయి. ఆధ్యాత్మిక ఎదుగుదలకు (తెలుగు సంఘాలలో "ఆత్మీయ ఎదుగుదల" అనే మాట ఎక్కువ వాడుకలో ఉంది) ఆనందం ఫలితమా, గుర్తా, లేక ఈ రెండింటికీ సంబంధమే లేదా అన్నది తొలి శతాబ్దాల నుండి చర్చకు వచ్చిన విషయం. భక్తిలో ఎదిగినవారు సంతోషంగా ఉండి తీరాలన్న సహజమైన అంచనాకు ఎదురు నిలిచే ఉదాహరణలు క్రైస్తవ చరిత్రలోనే ఉన్నాయి. దిగులుతో బాధపడే విశ్వాసి తన విశ్వాసంలోనే లోపమున్నదా అని ప్రశ్నించుకొనే సందర్భంలో ఈ చర్చ పండితుల పరిధిని దాటి వస్తుంది.

బైబిలులో వాడిన పదాలు

పాత నిబంధనలో ఆనందానికి సంబంధించి రెండు హీబ్రూ పదాలు ముఖ్యమైనవి. "సిమ్హా" అనగా పండుగలలో, పంటకోతలో, పెండ్లిలో కలిగే సంతోషం. "అష్రే" అనగా ఒక మనిషి బ్రతుకు మంచి దారిలో ఉన్నదని మెచ్చుకొనే మాట. దీనిని తెలుగు బైబిలులో "ధన్యుడు" అని అనువదించారు. కీర్తనల గ్రంథం హీబ్రూలో ఈ పదంతోనే మొదలవుతుంది. తెలుగు వాక్యనిర్మాణంలో ఆఖ్యాతం చివరకు వస్తుంది కనుక, మొదటి కీర్తన తెలుగు పాఠంలో అదే పదం రెండవ వచనం చివరకు చేరింది. హీబ్రూ పాఠకుడు ముందుగా ధన్యతను విని తరువాత దాని కారణాలు తెలుసుకొంటాడు. తెలుగు పాఠకుడు ముందుగా నడవడిని విని చివరకు ధన్యతకు చేరుతాడు.

కొత్త నిబంధనలో "అష్రే"కు సమానమైన గ్రీకు పదం "మకారియోస్". మత్తయి సువార్త 5వ అధ్యాయంలో కొండమీది ప్రసంగం ఆరంభంలో యేసు పలికిన ధన్యవచనాలలో ఉన్నది ఈ పదమే. అక్కడ ధన్యులని చెప్పబడినవారు దుఃఖపడేవారు, సాత్వికులు, నీతి కొరకు హింసింపబడేవారు. లూకా సువార్త 6వ అధ్యాయంలో నాలుగు ధన్యవచనాలు, వాటికి ఎదురుగా ధనవంతులకు, కడుపు నిండినవారికి నాలుగు హెచ్చరికలు ఉన్నాయి. కనుక సువార్తలలో ధన్యత అనేది మనసులో కలిగే హాయికి మరొక పేరు కాదు. ఏడుస్తున్న మనిషి కూడా ధన్యుడు కావచ్చును.

మనసుకు కలిగే సంతోషానికి కొత్త నిబంధనలో వాడిన పదం "ఖరా". గలతీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయంలో పౌలు చెప్పిన ఆత్మ ఫలంలో ప్రేమ తరువాత రెండవ స్థానం దీనిదే. అక్కడ తొమ్మిది గుణాలు పేర్కొన్నా "ఫలము" అన్న పదం ఏకవచనంలోనే ఉంది. ఆనందాన్ని మిగిలిన గుణాల నుండి విడదీసి దాని కోసమే వెదకడం కుదరదని వ్యాఖ్యాతలు దీనిని వివరిస్తారు. ఫలం అన్న పోలికలో కాలం కూడా ఇమిడి ఉంది. చెట్టు నాటిన రోజునే కాయ కాయదు.

ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక

ఈ విషయంలో ఎక్కువగా ఉదాహరించే గ్రంథం పౌలు ఫిలిప్పీ సంఘానికి వ్రాసిన పత్రిక. నాలుగు అధ్యాయాల ఈ చిన్న లేఖలో సంతోషాన్ని తెలిపే నామవాచక, క్రియా రూపాలు గ్రీకు మూలంలో 16 సార్లు వస్తాయి. పౌలు దీనిని బంధకాలలో ఉండి వ్రాశాడు. ఆ చెరసాల రోములోనిదని సంప్రదాయం చెబుతున్నది. ఎఫెసు లేదా కైసరయ అయి ఉండవచ్చునని మరికొందరు పండితుల అభిప్రాయం.

లేఖలో కనబడే పరిస్థితులు సుఖమైనవి కావు. తనకు మరణశిక్ష పడుతుందో విడుదల దొరుకుతుందో పౌలుకు తెలియదు. ఫిలిప్పీ సంఘం సహాయం ఇచ్చి పంపిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావుకు దగ్గరగా వెళ్ళి కోలుకొన్నాడు. అతడు చనిపోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని పౌలు దాచకుండా చెప్పాడు. ఈ మాట గమనింపదగినది. పౌలు బోధించిన ఆనందం దుఃఖం తెలియని మనిషిది కాదు.

నాలుగవ అధ్యాయంలో పౌలు లేమిలోనూ కలిమిలోనూ సంతృప్తిగా ఉండడం తాను నేర్చుకొన్నానని వ్రాశాడు. ఇందుకు వాడిన "ఔతార్కేస్" అనే పదం స్తోయికు తత్వవేత్తలకు ప్రియమైనది. ఎవరి మీద, దేని మీద ఆధారపడని స్వయంపూర్ణత దాని అర్థం. పౌలు ఆ పదాన్ని తీసుకొని, తన బలం మాత్రం క్రీస్తు నుండి వచ్చేదని చెప్పి దాని అర్థాన్ని తలక్రిందులు చేశాడు. పైగా ఆ వాక్యాలు సహాయం అందినందుకు కృతజ్ఞత తెలిపే సందర్భంలో ఉన్నాయి. నేర్చుకొన్నానని చెప్పడం వలన ఈ తృప్తి ఒక్కసారిగా కలిగినది కాదని, కాలక్రమంలో ఎదిగినదని తెలుస్తున్నది.

అగస్టీను

ఆనందాన్ని గురించి క్రమబద్ధంగా ఆలోచించిన తొలి లాటిను క్రైస్తవ రచయితలలో అగస్టీను (354-430) ప్రముఖుడు. ఇతడు ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియాలో ఉన్న తగాస్తేలో జన్మించాడు. మిలానులో అలంకారశాస్త్ర ఉపాధ్యాయుడిగా ఉన్న రోజులలో ఒకసారి చక్రవర్తిని పొగిడే ప్రసంగం సిద్ధం చేసుకొని ఆందోళనగా వెళుతుండగా, త్రాగి నవ్వుతున్న ఒక బిచ్చగాడు కనిపించాడు. కొద్ది నాణేలతో ఆ బిచ్చగాడు పొందిన సంతోషం కోసమే తాను అబద్ధాలు కూర్చి ఇంత కష్టపడుతున్నానని, అయినా అది తనకు దొరకలేదని అగస్టీను "కన్ఫెషన్స్" 6వ భాగంలో వ్రాశాడు. అయితే ఆ బిచ్చగాడి సంతోషం నిజమైనదని అతడు అనలేదు. తనది అంతకంటే నిజమైనదేమీ కాదని మాత్రం ఒప్పుకొన్నాడు.

సా.శ. 386లో క్రైస్తవ విశ్వాసానికి వచ్చిన కొద్దికాలానికి, తన పుట్టినరోజు సందర్భంగా తల్లి మోనికాతో, స్నేహితులతో మూడు రోజులు జరిపిన సంభాషణను "సుఖజీవితం" అనే అర్థం గల చిన్న గ్రంథంగా వ్రాశాడు. కోరినది దొరికినవాడు సుఖవంతుడా అన్న ప్రశ్నకు, మంచిదానిని కోరి పొందితే సుఖవంతుడు, చెడ్డదానిని కోరితే అది దొరికినా దౌర్భాగ్యుడేనని మోనికా జవాబిచ్చింది. తత్వశాస్త్ర శిఖరాన్ని అందుకొన్నావని కుమారుడు ఆమెను మెచ్చుకొన్నాడు. పోగొట్టుకొనే అవకాశం ఉన్న వస్తువుతో పాటు భయం కూడా వస్తుంది కనుక, పోగొట్టుకోలేని దేవుని కలిగి ఉన్నవాడే సుఖవంతుడన్నది ఆ సంభాషణలో తేలిన విషయం.

నలభై ఏళ్ళ తరువాత, జీవిత చరమాంకంలో తన గ్రంథాలను తానే సమీక్షించుకొన్నప్పుడు అగస్టీను ఈ పుస్తకంలో ఒక లోపం పట్టాడు. శరీరం ఏ స్థితిలో ఉన్నా జ్ఞాని ఈ లోకంలోనే పూర్ణసుఖం పొందగలడన్నట్లు వ్రాయడం తగదని చెప్పాడు. అప్పటికి అతడు బిషప్పుగా ఎందరి కష్టాలనో చూశాడు. "దేవుని నగరం" 19వ భాగంలో అతని మాట మరింత స్పష్టం: ఈ లోకంలో మనిషికి ఉండేది నిరీక్షణలోని ఆనందమే, పూర్ణానందం మరుజీవితానికి చెందినది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ కూడా అసంపూర్ణ సుఖం, సంపూర్ణ సుఖం అని రెండుగా విభజించి ఇంచుమించు ఈ మార్గాన్నే అనుసరించాడు.

ఓదార్పు, శుష్కత

ఈజిప్టు ఎడారిలో నివసించిన సన్యాసులు విచారాన్ని ఆధ్యాత్మిక జీవితానికి శత్రువుగా ఎంచారు. వారిలో ఒకడైన ఎవాగ్రియస్ (399లో మరణించాడు) సాధకుని బాధించే ఎనిమిది దుష్ట తలంపులలో విచారాన్ని, "అకీడియా"ను వేరువేరుగా చేర్చాడు. అకీడియా అంటే మిట్టమధ్యాహ్నం పొద్దు కదలనట్లు అనిపించి, గది మీద, పని మీద, తోటివారి మీద విసుగు పుట్టే స్థితి. గది విడిచి వెళ్ళకుండా ఓర్పుతో నిలవడమే దీనికి అతడు చెప్పిన మందు.

16వ శతాబ్దపు స్పెయినులో ఇద్దరు రచయితలు ఈ అనుభవాన్ని లోతుగా పరిశీలించారు. ఇగ్నేషియస్ లొయోలా 1521లో పాంప్లోనా యుద్ధంలో కాలికి గాయమై మంచాన పడ్డాడు. వీరగాథలు ఊహించుకొన్నప్పుడు కలిగిన సంతోషం తరువాత ఆరిపోవడం, పునీతుల జీవితాలను తలచినప్పటి సంతోషం నిలిచి ఉండడం అతడు గమనించాడు. దీని నుండే "ఓదార్పు", "శుష్కత" అనే రెండు స్థితుల వివేచన పుట్టింది. శుష్క స్థితిలో ఉన్నప్పుడు మునుపు చేసిన నిర్ణయాలను మార్చవద్దన్నది అతని ప్రసిద్ధ సలహా.

జాన్ ఆఫ్ ది క్రాస్ (1542-1591) మరొక అడుగు ముందుకు వేశాడు. 1577లో ఇతనిని తన మఠశాఖకు చెందినవారే టొలెడోలో సుమారు తొమ్మిది నెలలు బంధించారు. ప్రార్థనలో తీపి పోవడం, దేవుడు లేనట్లు తోచడం దేవుడు విడిచిపెట్టినందుకు గుర్తు కానవసరం లేదని ఇతని బోధ. బిడ్డను చంక నుండి దింపి నడిపించే తల్లితో దీనిని పోల్చాడు. దీనినే "చీకటి రాత్రి" అంటారు. ఈ దృష్టిలో ఎదుగుదల అంటే, ఆనందం ఇచ్చే దేవుని ఆనందం కోసం కాక దేవుని కోసమే ప్రేమించడం నేర్చుకోవడం.

ఇందుకు ఆధునిక కాలంలో అందరికీ తెలిసిన ఉదాహరణ మదర్ థెరీసా (1910-1997). ఎప్పుడూ చిరునవ్వుతో కనిపించిన ఆమె, దాదాపు యాభై సంవత్సరాలు దేవుని సన్నిధి అనుభవానికి రాని చీకటిలో గడిపినట్లు 2007లో ప్రచురితమైన ఆమె ఉత్తరాల వలన తెలిసింది. అది విశ్వాసం లేకపోవడమేనని కొందరు విమర్శకులు వాదించారు. కాథలిక్ సంఘం దానిని చీకటి రాత్రిగానే పరిగణించింది. 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

ప్రొటెస్టెంట్ సంప్రదాయం

1647 నాటి వెస్ట్‌మినిస్టర్ సంక్షిప్త ప్రశ్నోత్తరి మనిషి జీవిత ముఖ్యోద్దేశం దేవుని మహిమపరచడంతో పాటు ఆయనయందు నిత్యం ఆనందించడం అని చెబుతుంది. కఠినులని పేరుపడిన ప్యూరిటనుల పత్రం ఆనందాన్ని మొదటి జవాబులోనే చేర్చడం చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం. ఆ సంప్రదాయానికి చెందిన జాన్ బన్యన్ 1660 నుండి 1672 వరకు బెడ్‌ఫర్డ్ చెరసాలలో ఉన్నాడు. 1678లో వెలువడిన అతని "యాత్రికుని ప్రయాణం"లో కథానాయకుడు బయలుదేరిన కొద్దిసేపటికే నిరాశ అనే బురదలో కూరుకుపోతాడు. గమ్యానికి చాలా దగ్గరపడ్డాక కూడా సందేహమనే కోటలో బందీ అవుతాడు. దిగులు క్రొత్త విశ్వాసులకే పరిమితం కాదని బన్యన్ అనుభవం.

విలియం కౌపర్ (1731-1800) జీవితం ఇంకా బాధాకరమైనది. జాన్ న్యూటన్‌తో కలిసి వ్రాసిన కీర్తనల సంపుటి 1779లో వెలువడింది. కౌపర్ మాత్రం 1773లో తీవ్రమైన మానసిక వ్యాధికి లోనై, దేవుడు తనను త్రోసివేశాడన్న భావన నుండి చివరివరకు బయటపడలేదు. అతని కీర్తనలు నేటికీ పాడుతున్నారు. మానసిక వ్యాధిని విశ్వాసలోపంగా భావించరాదనడానికి క్రైస్తవ రచయితలు తరచుగా అతనిని పేర్కొంటారు. అటువంటి వ్యాధికి ప్రార్థనతో పాటు వైద్యం కూడా అవసరమని నేడు అనేక సంఘాలు అంగీకరిస్తున్నాయి.

20వ శతాబ్దంలో అమెరికాలో పుట్టి టీవీ ప్రసారాల ద్వారా ఇతర దేశాలకు వ్యాపించిన "సమృద్ధి సువార్త" విశ్వాసికి ఆరోగ్యం, ధనం, సంతోషం హక్కుగా లభిస్తాయని బోధిస్తుంది. కష్టంలో ఉన్నవాని మీద తగినంత విశ్వాసం లేదన్న నిందను కూడా మోపుతుంది కనుక దీనిని అనేక శాఖలు తిరస్కరించాయి. ఈ ఉద్యమ చరిత్రను 2013లో గ్రంథంగా వ్రాసిన కేట్ బౌలర్, రెండేళ్ళ తరువాత 35 ఏళ్ళ వయసులో క్యాన్సరు బారిన పడింది. ఆ అనుభవాన్ని 2018లో మరొక పుస్తకంగా వెలువరించింది.

తెలుగు సంఘాలలో

తెలుగు క్రైస్తవులలో ఆనందం ఎక్కువగా పాట ద్వారా వ్యక్తమవుతుంది. 19వ శతాబ్దపు కవి పురుషోత్తమ చౌధురి మొదలైనవారి రచనలు గల "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" పుస్తకంలో చాలా పాటలకు రాగతాళాలు సూచించారు. ఆరాధనలో "సాక్ష్యం" చెప్పే ఆచారం కూడా ఉంది. రోగం నయమైన, ఉద్యోగం దొరికిన సాక్ష్యాలే ఎక్కువగా వినిపించడం వలన, ప్రార్థించినా కష్టం తీరనివారు మౌనంగా ఉండిపోయే అవకాశం ఉంది. బైబిలులోని కీర్తనలలో విలాప కీర్తనలు పెద్ద భాగమన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం.

పరిశోధనలు

ప్యూ పరిశోధన కేంద్రం 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం అమెరికాలో ఆరాధనకు క్రమంగా వెళ్ళేవారిలో 36 శాతం తాము చాలా సంతోషంగా ఉన్నామని చెప్పారు. మతం ఉన్నా క్రమంగా వెళ్ళనివారిలోనూ, ఏ మతానికీ చెందనివారిలోనూ ఇది 25 శాతం. మతం వలన సంతోషం కలుగుతున్నదా, సంతోషంగా ఉన్నవారే ఆరాధనకు వెళుతున్నారా అన్నది ఈ అంకెల వలన తేలదు. 2010లో లిమ్, పుట్నం అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో జీవితతృప్తికి ముఖ్య కారణం ఆరాధన స్థలంలో ఏర్పడిన స్నేహాలని కనుగొన్నారు. అక్కడ స్నేహితులు లేక ఒంటరిగా వచ్చి వెళ్ళేవారిలో ఆ తృప్తి అంతగా కనిపించలేదు.