అక్షాంశమును కంది పైరును

మన వికారాబాదు, తాండూరు ప్రాంతములు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 17 డిగ్రీల అక్షాంశమున నున్నవి. కావుననే సూర్యుడు ఏటేట మే రెండవ వారమునను, ఆగస్టు మొదటి వారమునను మన నడినెత్తికి వచ్చును. ఆ మిట్టమధ్యాహ్నమున నిలువుగ పాతిన గుంజకు నీడ కానరాదు. అయినను ఆగస్టులో మేఘములును వానలును ఎండ నడ్డగించుటచే మే నెలనాటి వేడి యుండదు.

పగటి నిడివియు అక్షాంశమును బట్టియే యుండును. మనకు జూనులో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో 11 గంటలు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది, పగలు కురచయగు కాలమున పూతకు వచ్చు స్వభావము గలది. ఆలస్యముగ విత్తినచో తగినన్ని కొమ్మలు వేయకమునుపే పూయును; దిగుబడి తగ్గును. కావున తొలకరి పదునుననే విత్తుడని కర్షక సోదరులకు మా మనవి. ఆలస్యము తప్పనిచో సాళ్లు దగ్గరగ వేయవలెను.