లారీకి డీజిల్ చూసుకుంటాం, మరి మన ఒంటికి?

కొల్లూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కే ముందు లారీ డ్రైవర్లు డీజిల్ ముల్లు ఎక్కడుందో చూసుకుంటారు. తాము పొద్దున ఏమైనా తిన్నామా అని మాత్రం చూసుకోరు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు షిఫ్టుకు వెళ్లే చాలామంది సంగతీ అంతే. ఒక చాయ్ తాగి బస్సెక్కేస్తారు.

ఒంటిని ఇంజనుతో పోల్చడం సరైనదే. 1780లలో ఫ్రాన్సులో లవోయిజియే, లాప్లాస్ అనే శాస్త్రజ్ఞులు ఒక గినీ పందిని మంచు చుట్టూ ఉన్న పాత్రలో ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో కొలిచారు. శ్వాస కూడా నెమ్మదిగా జరిగే దహనమేనని చెప్పారు. డీజిల్ అయినా, జొన్న రొట్టె అయినా ఆక్సిజన్‌తో కలిసి చివరకు కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారి శక్తినిస్తాయి. లీటరు డీజిల్‌లో ఉండేది సుమారు 8,500 కిలో క్యాలరీలు. 100 గ్రాముల జొన్నపిండిలో సుమారు 340.

మండే తీరే వేరు. ఇంజనులో డీజిల్ భగ్గున మండి పిస్టన్‌ను నెడుతుంది. మన కణాలు 37 డిగ్రీల దగ్గరే, ఎంజైముల సాయంతో గ్లూకోజును మెల్లమెల్లగా విడగొట్టి, ఆ శక్తిని ఏటీపీ అనే అణువుల్లో నింపుతాయి. కండరాలు దానితోనే కదులుతాయి. అయితే శక్తిలో పనిగా మారేది నాలుగో వంతుకు మించదు, మిగిలింది వేడే. లారీకి రేడియేటరు ఉన్నట్టే మనకు చెమట ఉంది. మంచి డీజిల్ ఇంజను 40 శాతం దాకా పనిగా మార్చగలదు. ఈ లెక్కలో లారీదే గెలుపు!

కానీ ట్యాంకు ఖాళీ అయితే లారీ ఆగిపోతుంది, మనం ఆగం. కాలేయంలో దాచుకున్న సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్‌నూ, ఒంట్లోని కొవ్వునూ వాడుకుంటాం. ఆరోగ్యవంతులు ఒక పూట తినకపోయినా పెద్దగా ఏమీ కాదు.

షుగర్ ఉన్నవారికి చిక్కు ఇక్కడే వస్తుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గానీ తీసుకుని భోజనం మానేస్తే మందు మాత్రం తన పని చేసుకుపోతుంది. రక్తంలో గ్లూకోజు 70 కంటే పడిపోవచ్చు. మెదడు కొవ్వును నేరుగా వాడుకోలేదు, దానికి గ్లూకోజు అందుతూనే ఉండాలి. అందుకే చెమటలు, వణుకు, చూపు మసకబారడం, తికమక. స్టీరింగు ముందు ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

అలా అనిపించగానే బండి పక్కకు ఆపండి. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ తాగండి, తగ్గాక భోజనం చేయండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. భయపడి మాత్రలు మీ అంతట మీరు మానకండి. రాత్రి షిఫ్టు పడిన వారం మందు ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును ముందే అడగండి. జేబులో గ్లూకోజు పొట్లం ఉంచుకోండి, బిస్కెట్ల కంటే అది త్వరగా పనిచేస్తుంది.