పనికి వెళ్లే దారులే పొలిమేరలు

"మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు" అని చెప్పుకునే తల్లిదండ్రులు మన ఊళ్లలో చాలామంది కనిపిస్తారు. అడ్రసు చూస్తే ఫ్రిస్కో అనో, ప్లేనో అనో, అర్వింగ్ అనో ఉంటుంది. ఇవన్నీ వేటికవి సొంత మేయర్లున్న నగరాలు. అయినా ఆ తల్లిదండ్రుల మాట తప్పు కాదు, అమెరికా ప్రభుత్వ లెక్కలు కూడా దాదాపు అదే మాట చెబుతాయి. డల్లాస్, ఫోర్ట్ వర్త్, ఆర్లింగ్టన్ నగరాల పేరుతో 11 కౌంటీలను (మన జిల్లాల్లాంటివి) కలిపి ఒకే 'మెట్రోపాలిటన్ స్టాటిస్టికల్ ఏరియా' (ఎంఎస్ఏ)గా లెక్కిస్తారు. 2020 జనగణనలో డల్లాస్ నగర జనాభా 13 లక్షలు, ఆ 11 కౌంటీల జనాభా 76 లక్షలకు పైనే.

టెక్సస్‌లో మొత్తం 254 కౌంటీలున్నాయి. వాటిలో ఈ 11 మాత్రమే డల్లాస్ లెక్కలోకి ఎలా వచ్చాయి? పక్కనే ఉన్న పన్నెండోది ఎందుకు రాలేదు? ఇది అధికారుల కాగితాలకు పరిమితమైన ప్రశ్న కాదు. ఇంటి అద్దె సాయం, ఆసుపత్రులకు అందే చెల్లింపులు, వీసా మీద పనిచేసే ఉద్యోగి జీతం ఈ గీతలను అనుసరించే నడుస్తాయి. ఆ గీత ఎలా పడిందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

గీసేది ఎవరు?

ఈ హద్దులను నిర్ణయించేది ఆఫీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అండ్ బడ్జెట్. అమెరికా అధ్యక్షుడి కార్యాలయంలో భాగమైన ఈ సంస్థను క్లుప్తంగా ఓఎంబీ అంటారు. దానికి కావలసిన అంకెలను సెన్సస్ బ్యూరో ఇస్తుంది. పూర్వం ఒక్కో ప్రభుత్వ శాఖ తనకు తోచిన హద్దులు గీసుకునేది. ఒక శాఖ చెప్పే జనాభా ఒక విస్తీర్ణానికి, మరో శాఖ చెప్పే ఉద్యోగాల సంఖ్య ఇంకో విస్తీర్ణానికి సంబంధించినదైతే ఆ రెండింటినీ పోల్చడం కుదరదు. అందుకే 1950 జనగణన నాటికి అన్ని శాఖలకూ ఒకే కొలమానం తెచ్చారు. పదేళ్లకోసారి నియమాలను సమీక్షించి, కొత్త జనగణన అంకెలతో జాబితా సవరిస్తారు. 2023 జులైలో వచ్చిన జాబితాలో ప్యూర్టోరికోతో కలిపి 393 మెట్రోపాలిటన్, 542 మైక్రోపాలిటన్ ప్రాంతాలు ఉన్నాయి.

కౌంటీనే ఎందుకు ఎంచుకున్నారంటే, దాని హద్దులు తరచూ మారవు. నగరాలు పక్క భూములను కలుపుకొంటూ పెరుగుతాయి గానీ కౌంటీ చాలావరకు ఉన్నచోటే ఉంటుంది. ఉద్యోగాలు, జీతాలు, జననమరణాల లెక్కలు కూడా కౌంటీల వారీగానే దొరుకుతాయి.

లెక్క నడిచే తీరు

మొదటి మెట్టు, నడిబొడ్డును గుర్తించడం. మునిసిపల్ హద్దులతో పనిలేకుండా, ఇళ్లూ కట్టడాలూ ఒత్తుగా ఉన్న చోటును సెన్సస్ బ్యూరో పట్టణ ప్రాంతంగా గుర్తిస్తుంది. అక్కడ కనీసం 50,000 మంది ఉంటే దాని చుట్టూ ఏర్పడేది మెట్రోపాలిటన్ ప్రాంతం. 10,000కు తగ్గకుండా, 50,000 లోపు ఉంటే మైక్రోపాలిటన్. ఈ రెండో తరగతి 2003 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు చిన్న పట్టణాలన్నీ 'మెట్రో కానివి' అనే ఒకే గంపలో పడిపోయేవి.

50,000 మందికే మెట్రో ఏమిటని మనకు అనిపించడం సహజం. మన రాజ్యాంగంలో 74వ సవరణ మెట్రోపాలిటన్ ప్రాంతానికి 10 లక్షల జనాభా ఉండాలంది. అమెరికాలో నెవాడా రాజధాని కార్సన్ సిటీ 58 వేల మందితోనే మెట్రో, దాదాపు 2 కోట్ల మంది ఉన్న న్యూయార్క్ కూడా మెట్రోనే. నడిబొడ్డు, దానితో ముడిపడిన పరిసరాలు అన్న రూపానికే అక్కడ ప్రాధాన్యం.

రెండో మెట్టు, కేంద్ర కౌంటీలను తేల్చడం. కౌంటీ జనంలో సగమైనా 10,000కు తగ్గని జనాభా ఉన్న పట్టణ ప్రాంతాల్లో ఉండాలి, లేదా అలాంటి ఒకే పట్టణ ప్రాంతానికి చెందిన 5,000 మందైనా ఆ కౌంటీలో ఉండాలి.

అసలు సంగతి మూడో మెట్టులో ఉంది. చుట్టుపక్కల కౌంటీలను కలపాలా వద్దా అన్నది రోజువారీ రాకపోకలు తేలుస్తాయి. ఒక కౌంటీలో 20,000 మంది పనివాళ్లు ఉన్నారనుకుందాం. వారిలో 5,000 మంది, అంటే 25 శాతం, రోజూ కేంద్ర కౌంటీలకు పనికి వెళ్తుంటే ఆ కౌంటీ మెట్రోలో చేరిపోతుంది. ఇది ఎదురు దిశలోనూ వర్తిస్తుంది. ఆ కౌంటీలోని ఉద్యోగాల్లో 25 శాతం కేంద్ర కౌంటీల నుంచి వచ్చేవాళ్లు చేస్తున్నా చాలు. భాష, చరిత్ర, రాజకీయం, ఎవరి పలుకుబడి ఎంత అన్నవి ఇందులోకి రావు. పొద్దున్నే కారెక్కి జనం ఎటు వెళ్తున్నారన్నదే హద్దు.

హైవే 75 మీద ఒక గీత

డల్లాస్ నుంచి ఉత్తరంగా హైవే 75 మీద వెళ్తే ప్లేనో, మెకినీ దాటాక ఆనా అనే ఊరు వస్తుంది. అది కాలిన్ కౌంటీలోది, డల్లాస్ మెట్రోలో భాగం. దాన్ని ఆనుకునే ఉన్న వ్యాన్ ఆల్‌స్టైన్‌లో ఎక్కువ భాగం గ్రేసన్ కౌంటీలో ఉంది. ఆ కౌంటీ షెర్మన్-డెనిసన్ అనే వేరే మెట్రో. ఆ మెట్రో మొత్తం ఆ ఒక్క కౌంటీయే. షెర్మన్, డెనిసన్ పట్టణాలకు సొంత నడిబొడ్డు ఉంది. డల్లాస్ వైపు రాకపోకలు 25 శాతం గీతను అందుకోనంత కాలం అది విడిగానే ఉంటుంది. అలాగని సంబంధమే లేదని కాదు. పక్కపక్క ప్రాంతాల మధ్య ఇటు రాకపోకల శాతం, అటు రాకపోకల శాతం కలిపి 15కు తగ్గకపోతే వాటిని 'కంబైన్డ్ స్టాటిస్టికల్ ఏరియా' అనే పెద్ద గొడుగు కిందికి తెస్తారు. షెర్మన్ డల్లాస్ మెట్రోలో లేదు గానీ ఆ గొడుగు కింద ఉంది.

ఈ తేడా తెలుగు కుటుంబాలకు నేరుగా తగులుతుంది. హెచ్-1బి వీసా మీద పనిచేసే ఉద్యోగికి ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతం కంటే తక్కువ ఇవ్వకూడదన్నది నియమం. ఆ 'ప్రాంతాన్ని' కార్మిక శాఖ ఈ మెట్రో హద్దుల ఆధారంగానే చూస్తుంది. క్లయింట్ లొకేషన్ అర్వింగ్ నుంచి ప్లేనోకు మారితే రెండూ ఒకే ఎంఎస్ఏ కాబట్టి సాధారణంగా కొత్త చోట నోటీసు పెడితే సరిపోతుంది. ఎంఎస్ఏ దాటి పనిచోటు మారితే కార్మిక శాఖ నుంచి కొత్త లేబర్ కండిషన్ అప్లికేషన్ (ఎల్‌సీఏ) తీసుకుని, పిటిషన్‌కు అమెండ్‌మెంట్ వేయాల్సి రావచ్చు. 2015లో 'సిమియో సొల్యూషన్స్' కేసులో ఇమిగ్రేషన్ శాఖ అప్పీళ్ల విభాగం ఇచ్చిన నిర్ణయంతో ఇది స్థిరపడింది. చట్టంలోని అసలు మాట 'రోజూ మామూలుగా వెళ్లిరాగల దూరం'. అందుకని మెట్రో గీత దాటిన ప్రతిసారీ అమెండ్‌మెంట్ తప్పదనీ చెప్పలేం. ఇంటి నుంచే పనిచేసే వారికి మాత్రం ఇల్లే పనిచోటు. ధర తక్కువని నాలుగు ఎగ్జిట్లు అవతల ఇల్లు కొనేవారు, అది ఏ కౌంటీయో చూసుకుని ముందుగానే అటార్నీని అడగడం మంచిది.

కౌంటీ మరీ పెద్దదైతే

ఈ పద్ధతిలో ఒక పెద్ద లోటు ఉంది. కౌంటీలన్నీ ఒక సైజులో ఉండవు. అరిజోనాలోని కొకొనీనో కౌంటీ విస్తీర్ణం 48 వేల చదరపు కిలోమీటర్లు, అంటే కేరళ కంటే పెద్దది. ఆ ఒక్క కౌంటీయే ఫ్లాగ్‌స్టాఫ్ మెట్రో. అందులో దాదాపు సగం మంది ఫ్లాగ్‌స్టాఫ్ నగరంలోనే ఉంటారు. మిగిలిన నేలలో గ్రాండ్ కాన్యన్‌ చాలా భాగం ఉంది. ఆ లోయ అడుగున సూపై అనే ఊళ్లో హవసుపాయ్ ఆదివాసులు ఉంటారు. అక్కడికి కారు దారి లేదు, ఉత్తరాలు కంచరగాడిదల మీద వెళ్తాయి. లెక్కల ప్రకారం మాత్రం ఆ ఊరు మెట్రోపాలిటన్ ప్రాంతంలోదే.

కాబట్టి 'మెట్రో' అంటే పట్టణం, 'మెట్రో కానిది' అంటే పల్లె అని అర్థం చేసుకోవడం పొరపాటు. ఓఎంబీ కూడా ఈ గీతలు పట్టణాన్నీ పల్లెనూ వేరుచేయడానికి గీసినవి కావని హెచ్చరిస్తూనే ఉంటుంది. గ్రామీణ ఆరోగ్య నిధులు పంచే విభాగం ఈ చిక్కు గమనించి, పెద్ద కౌంటీల లోపల సెన్సస్ ట్రాక్ట్ అనే చిన్న ముక్కల స్థాయిలో రాకపోకలు చూసి పల్లెలను గుర్తిస్తోంది. ఇది మంచి పద్ధతి, తక్కిన శాఖలూ అనుసరించదగినది.

పేరు పోతే పైసలు పోతాయా?

అద్దె సాయానికి ప్రాతిపదికైన 'ఫెయిర్ మార్కెట్ రెంట్' నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ ఆసుపత్రులకిచ్చే సొమ్ములో స్థానిక జీతాల సర్దుబాటు దాకా ఈ ప్రాంతాల మీదే ఆధారపడ్డాయి. గణాంకాల కోసం గీసిన గీతకు డబ్బు ముడిపడ్డాక అది హోదా అయి కూర్చుంది. 2021 జనవరిలో మెట్రో కనీస సంఖ్యను 50,000 నుంచి లక్షకు పెంచాలని ప్రతిపాదన వచ్చింది. 1950లో 15 కోట్లున్న దేశ జనాభా 33 కోట్లయింది, కొలత మాత్రం అలాగే ఉండిపోయిందన్నది గణాంక నిపుణుల వాదన. అది సమంజసమైనదే. కానీ అలా చేస్తే ఫ్లాగ్‌స్టాఫ్, అలబామాలోని ఆబర్న్, ఒరెగాన్‌లోని కోర్వాలిస్ సహా 144 ప్రాంతాలు మైక్రోపాలిటన్ అయ్యేవి. నిధులు తగ్గుతాయని, పెట్టుబడులు పెట్టేవారి కంట పడమని ఆ నగరాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. ఆ జులైలో ఓఎంబీ ప్రతిపాదన విరమించుకుంది. ఆ నగరాల భయాన్ని తప్పుపట్టలేం. తప్పల్లా అవసరాన్ని కొలవకుండా పేరును చూసి సాయం నిర్ణయించే అలవాటుది.

మెట్రో అన్నది ఊరికి ఇచ్చిన బిరుదు కాదు, జనం పనికోసం తిరిగే పరిధికి వేసిన కొలత. అద్దెలు, జీతాలు, నిరుద్యోగం గురించి అంకెలు చెప్పేటప్పుడు అవి నగరానివా, మెట్రోవా, కంబైన్డ్ ఏరియావా అని ముందు అడగాలి. పాత అంకెతో పోలుస్తుంటే మధ్యలో కౌంటీలు చేరాయా, తగ్గాయా అని చూడాలి. మోంటానాలోని బోజ్‌మన్ 2023లో మైక్రో నుంచి మెట్రో అయింది. జాబితా మారిన ఆ రోజున అక్కడి ఆసుపత్రుల్లో మంచాలు పెరగలేదు, అద్దెలు తగ్గలేదు. ఒక ఊరికి ఏం కావాలో తెలియాలంటే జాబితాలో దాని పేరు ఎక్కడుందో చూస్తే సరిపోదు. అక్కడి మనుషులు ఎంత దూరం వెళ్లి, ఎంత సంపాదించి, అద్దెకు ఎంత కడుతున్నారో విడిగా కొలవాల్సిందే.