పెద్దల మూత్రబాధలు: ప్రోస్టేటు కాన్సరు

బోనకల్ ప్రాంతపు గ్రామములలో అరువది యేండ్లు దాటిన రైతు రాత్రివేళ నాలుగైదు మారులు మూత్రమునకు లేచినచో, దానిని వ్యాధిగా నెవ్వరును ఎంచరు. “వయసు మీద పడినది గదా” యని యింటివారందురు. ఆయనయు నట్లే తలంచును. చాలమంది విషయమున నా మాట నిజమే. కాని కొందరిలో నీ బాధ వెనుక ప్రోస్టేటు గ్రంథి కాన్సరు దాగి యుండవచ్చును. ఏది యేదియో తేల్చవలసినది వైద్యుడే.

ఈ గ్రంథి పురుషులకు మాత్రమే యుండును. మూత్రాశయము క్రింద, మూత్రనాళమును చుట్టుకొని, పెద్ద ఉసిరికాయ యంత పరిమాణమున నుండును. వయసుతోబాటు అది సహజముగ పెరిగి నాళమును నొక్కును. అందుచే ధార సన్నగిల్లుట, ఆగి యాగి వచ్చుట కలుగును. ఇది కాన్సరు కాదు. మందులతోనో, ఆపరేషనుతోనో అదుపులోనికి వచ్చును. కాన్సరు సాధారణముగ గ్రంథి యొక్క వెలుపలి భాగమున నారంభమగును. కావున తొలిదశలో నెట్టి బాధయు తోపకపోవచ్చును. చిక్కంతయు నిచ్చటనే యున్నది. అది యెముకలకు ప్రాకిన పిమ్మట నడుమునొప్పి, తుంటినొప్పి వచ్చును. మిరపచేలలో వంగి పనిచేసిన వానికి నడుమునొప్పి వింత కాదు గదా! ఊరి ఆర్.ఎం.పి. వద్ద నొప్పి సూదులు వేయించుకొనుచు నెలలు గడపుదురు.

జాతీయ కార్యక్రమము క్రింద 30 ఏండ్లు దాటినవారికి నోటి కాన్సరునకును, స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సరులకును పరీక్షలు జరుపబడుచున్నవి. ప్రోస్టేటు కాన్సరు ఆ పట్టికలో లేదు. పైగా ఇంటింటికి వచ్చు ఆశా కార్యకర్తలు స్త్రీలు. వారితో నీ సంగతి చెప్పుకొనుటకు వృద్ధులు సిగ్గుపడుదురు. వార్డు సభ్యుడు రచ్చబండకడ నెమ్మదిగా అడిగినచో చెప్పుదురు.

పరీక్షలలో మొదటిది పి.ఎస్.ఎ. అను రక్తపరీక్ష. మిల్లీలీటరునకు 4 నానోగ్రాములు మించినచో అనుమానించుట వాడుక. అయితే గ్రంథి పెరిగినను, మూత్రమున ఇన్ఫెక్షను ఉన్నను ఆ సంఖ్య హెచ్చును. అందుచే వైద్యుడు మలద్వారమున వేలితో గ్రంథిని తడిమి చూచును, అవసరమైనచో ఎం.ఆర్.ఐ. తీయించి, తుదకు ముక్క పరీక్ష చేయించును. శిబిరము పెట్టి ఊరిలోని మగవారందరి రక్తమును తీయించుట మాత్రము తగదని మా యభిప్రాయము. వృద్ధులలో ననేక ప్రోస్టేటు కాన్సరులు మిక్కిలి మెల్లగ పెరుగును. జీవితకాలమున హాని చేయనివియు గలవు. వానికి చికిత్స చేసి మూత్రము నిలువకపోవుట వంటి కష్టములు తెచ్చిపెట్టుట మేలు కాదు. 50 ఏండ్లు దాటి మూత్రబాధ యున్నవారు, మూత్రమున రక్తము కనిపించినవారు వైద్యుని చూడవలెను. తండ్రికో సోదరునికో ఈ వ్యాధి వచ్చినవారు 45 నుండియే సంప్రదించుట మంచిది.

వ్యాధి గ్రంథిని దాటకున్నచో ఆపరేషనుతోగాని రేడియేషనుతోగాని నయము చేయవచ్చును. మంద్రముగ నున్నదానిని మరల మరల పరీక్షించుచు కనిపెట్టి యుందురు. ఎముకలకు ప్రాకినను చేతులెత్తివేయ నక్కరలేదు. పురుష హార్మోనును తగ్గించినచో ఈ కాన్సరు లొంగునని 1941లో చికాగోలో చార్లెస్ హగ్గిన్స్ చూపెను. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. వృషణములను తొలగించు చిన్న ఆపరేషనుతో నీ ఫలితము కలుగును. దానికి సమ్మతింపనివారికి సూదిమందులు గలవు. అనేకులకు నొప్పి తగ్గి, వ్యాధి కొంతకాలము, కొందరిలో కొన్ని యేండ్లు, అణగియుండును.

తొలుత ఖమ్మము ప్రభుత్వాసుపత్రికి పోవలెను. హైదరాబాదులో 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రి ప్రభుత్వ సంస్థయే. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచబడినది. ఆహారభద్రత కార్డు, ఆధార్, పాత పరీక్షల కాగితములు వెంట నుండవలెను. తోడు లేని వృద్ధునికి పంచాయతీవారే ఒక మనిషి నేర్పాటు చేయుట మంచిది.

మూత్రము హఠాత్తుగ పూర్తిగా నిలిచిపోయినను, నడుమునొప్పితో కాళ్ళు చచ్చుబడుచున్నను మరునాటి రైలుకై వేచియుండరాదు. వెన్నుపాము నొక్కుకొనినచో గంటలలోనే కాళ్ళు శాశ్వతముగ పోవచ్చును. అట్టి రోగిని వెంటనే 108 వాహనములో పంపవలెను.